సియాచిన్‌లో అన్నం రుచి చూసేదెవరు?

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి నమస్కారం.

నేను జైళ్ల శాఖలో వార్డరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మిలిటరీలో ఉన్నాడు. హిమాలయాల్లో ఎత్తయిన మంచు ప్రాంతం సియాచిన్‌లో ఒక విడత డ్యూటీ చేసి వచ్చాడు.

జైల్లో ఖైదీకి బియ్యం ఎన్ని గ్రాములో, పప్పు ఎన్ని గ్రాములో రూలు ఉంటుంది. తూకం వేసే వండిస్తాం. తనిఖీకి వచ్చిన జడ్జి గారు నేరుగా వంటగదిలోకి వెళ్లి, గరిటెతో సాంబారు తీయించి రుచి చూసేవారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, "కడుపునిండా పెడుతున్నారా?" అని ఖైదీలనే అడిగేవారు. ఆ రోజంతా మాకు టెన్షనే. అయినా అది మంచి పద్ధతి. ఖైదీ తిండిలో ఒక్క మెతుకు తగ్గించమని నేను అడగడం లేదు. 2022 చివరికి మన జైళ్లలో వందమంది పట్టే చోట 131 మంది ఉన్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు.

మా అబ్బాయి దగ్గరికి అలా వెళ్లి అడిగేవాళ్లు ఎవరున్నారు సార్?

సెలవు మీద వచ్చిన మొదటి వారం వాడు దగ్గితే తెమడలో నల్లటి మసి పడేది. పైన టెంటులో రాత్రింబగళ్లు కిరోసిన్ స్టవ్వే దిక్కట. తాగే నీళ్లకు కూడా దాని మీదే మంచు కరిగించుకోవాలి. ఇంకేం అడిగినా "అంతా బాగానే ఉంది నాన్నా" అంటాడు.

చలిని మీరు ఆపలేరు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లోని సోనమ్ పోస్టు మీద మంచు విరుచుకుపడి పదిమంది పోయారు, వాళ్లలో ఒకరు మా కర్నూలు జిల్లా బిడ్డ. కానీ 2020లో పార్లమెంటుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్టులో ఉన్నవి మనుషులు చేసిన లోపాలు. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు ఇవ్వక పాతవే మళ్లీ వాడించారు. ప్రత్యేక రేషన్‌లో ఒక వస్తువుకు బదులు అదే ఖరీదుకు ఇంకొకటి ఇవ్వడంతో కేలరీలు 82 శాతం దాకా తగ్గాయి. లడఖ్‌లోని లేహ్‌లో ఒకసారి జవాన్లకు చేరని సరుకును వాడేసినట్టు రాసుకున్నారు. జైలు రిజిస్టర్లో అలా రాస్తే మమ్మల్ని సస్పెండ్ చేసేవారు.

ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడిందని సైన్యం చెప్పింది. సంతోషం. ఆ మాట జవాన్ల నోట వినాలని ఉంది. సంఘం పెట్టుకోకూడదు, అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకూడదు అన్నప్పుడు మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి కదా.

ఏటా ఒక రిటైర్డ్ జడ్జిని, బయటి డాక్టరును బేస్ క్యాంపుకు పంపండి. పోస్టు దిగి వచ్చిన కుర్రాళ్లతో ఆఫీసర్లు పక్కన లేకుండా మాట్లాడనివ్వండి. బూట్లు, కళ్లద్దాలు, రేషన్ అందాయో లేదో పార్లమెంటుకు చెప్పండి. మాకు మరే రహస్యాలూ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక జవాను తండ్రి,
కర్నూలు జిల్లా