బీరువా బరువు సరే, మెట్ల మలుపు కొలిచారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా బరంపురంలో ఇప్పుడు ఏ వీధి చూసినా పాత ఇంటి మీద ఇంకో అంతస్తు లేస్తోంది. మంచిదే, నెలనెలా అద్దె వస్తుంది, పండక్కి పిల్లలొస్తే పడుకోడానికి గది ఉంటుంది. కానీ పక్కింటితో గోడలు కలిసిపోయి, ముందు ఇరుకు, వెనక్కి పొడుగు ఉండే ఈ ఇళ్ళల్లో మెట్లకి మిగిలేది మహా అయితే రెండున్నర అడుగులు. మేస్త్రీ చాలంటాడు, ఇంటాయన కూడా మనిషి పడితే చాల్లే అంటాడు. మనిషి పడతాడు, బీరువా పట్టదు.

ఇదివరకు ఇలాంటి పనికి కేకేస్తే వీధిలో నలుగురు కుర్రాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు మా గంజాం జిల్లా కుర్రాళ్ళలో చాలామంది సూరత్ మరమగ్గాల దగ్గర ఉన్నారు, చదువుకున్నవాళ్ళు హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలింది పెద్దవాళ్ళు. దుకాణం వాళ్ళేమో 'ఇంటికి చేరుస్తాం' అంటారు, వాళ్ళ లెక్కలో ఇల్లంటే అరుగు దాకానే.

మొన్నామధ్య మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇచ్ఛాపురంలో డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నారు. ఆటో ట్రాలీ అబ్బాయి అరుగు మీద దించి, సంతకం పెట్టించుకుని, పైకి ఎక్కించడం మా పని కాదండి అని వెళ్ళిపోయాడు. మాస్టారు సాయంత్రం దాకా ఎవరైనా వస్తారేమోనని చూసి ఒక్కరే మొదలెట్టారు. నేను వెళ్ళేసరికి ఫ్రిజ్ పైన, ఆయన కింద, భుజం ఆనించి, చెప్పులు జారుతుంటే కాలివేళ్ళతో మెట్టు అంచు పట్టుకుని ఉన్నారు, టేపు వెయ్యని పై తలుపు తెరుచుకుని ఆయన నెత్తి మీద ఊగుతోంది. "మాస్టారూ" అన్నానో లేదో, "మాట్లాడకు, ముందు పట్టుకో" అన్నారు.

ఒంటరిగా ఈ పనికి దిగేవాళ్ళందరూ చేసేది ఇదే, కింద నిలబడి తోయడం. బరువుకి కింద మనిషి ఉండకూడదండీ, అది జారితే ఇరుకు మెట్ల మీద తప్పుకోడానికి చోటెక్కడ? ఎలాగూ ఒక్కరే చెయ్యక తప్పదనుకుంటే రెండు చక్రాల ట్రాలీ అద్దెకి తెచ్చుకోండి, పక్కకి మూడేసి చక్రాలుండి మెట్లెక్కేది దొరికితే మరీ మంచిది. ఫ్రిజ్ లోపలి అరలన్నీ తీసేసి, తలుపులకి టేపు వేసి, కంప్రెసర్ ఉండే అడుగు భాగం ట్రాలీ పలక మీద ఆనేలా పెట్టి, నవారుతో పైనా కిందా బిగించి, మీరు పై మెట్టు మీద ఉండి ఒక్కో మెట్టూ లాగుతూ, ప్రతి మెట్టు మీదా చక్రాలు కుదురుకున్నాకే తర్వాతది. మలుపు దగ్గర ఊపిరి తీసుకునేటప్పుడు తాడుతో స్తంభానికి కట్టెయ్యండి, రైలింగ్‌ని నమ్మకండి. దారిలో ఫ్రిజ్‌ని పడుకోబెట్టాల్సి వస్తే మాత్రం పైకెళ్ళాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి, తర్వాతే స్విచ్ వెయ్యాలి, కంప్రెసర్‌లోని ఆయిల్ మళ్ళీ కిందికి దిగాలి కదా.

ఎంత బరువైతే ఒక్కరు ఎత్తొచ్చు అని అడుగుతారు. పనిచోట భద్రత మీద పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ 1991లో ఇచ్చిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా పై హద్దు 23 కిలోలే. మన నిండు గ్యాస్ సిలిండరే 30 కిలోల దగ్గర ఉంటుంది! అందరిళ్ళల్లో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ అయితే సుమారు 55, 60 కిలోలు, పైగా లోపల యాసిడ్, వాల్చడానికి లేదు. దాన్ని మాత్రం ఒక్కరూ ముట్టుకోవద్దనే నా మాట. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో కాంక్రీటు దిమ్మ ఉంటుంది, డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచే బోల్టులు బిగించకుండా మెట్ల మీద కుదిపితే బరువూ తప్పదు, రిపేరూ తప్పదు.

అసలు చిక్కు మాత్రం మలుపు దగ్గరే. జాతీయ భవన నియమావళి ఇళ్ళ మెట్లకి కనీసం మీటరు వెడల్పు ఉండాలంటూనే రెండంతస్తుల వరుస ఇళ్ళకి 75 సెంటీమీటర్లు చాలంటుంది, అంటే మన రెండున్నర అడుగులు రూలు ప్రకారం తప్పేం కాదు. కానీ 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉన్న మామూలు ఇనుప బీరువాని నిలబెట్టి తిప్పాలంటే మూల నుంచి మూలకి దాదాపు 41 అంగుళాలు కావాలి. ముప్పై అంగుళాల మలుపులో అదెక్కడ తిరుగుతుంది? అప్పుడు వీధిలోంచి తాళ్ళు కట్టి బాల్కనీ మీదుగా లాగుతారు, పక్కనే కరెంటు తీగలు. చూస్తేనే టెన్షన్.

తుఫాను రోజుల్లో ఇంకా ఘోరం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అక్టోబర్ వచ్చి హెచ్చరిక వినిపిస్తే చాలు, కింద వాటాల వాళ్ళు వానలో, కరెంటు పోయిన చీకట్లో సామాను పైకి మోస్తారు. టీవీ, బియ్యం, కాగితాలు పట్టుకెళ్ళండి, ఫ్రిజ్‌ని మాత్రం ప్లగ్గు పీకి గట్టి బల్ల మీదో ఇటుకల మీదో ఎక్కించి వదిలెయ్యండి.

దుకాణాల వారికి నేను చెప్పేది ఒకటే. డబ్బు కట్టించుకునే ముందే ఎన్నో అంతస్తు, మెట్లు ఎంత వెడల్పు అని అడగండి, పైకి చేర్చడానికి ఎంతవుతుందో బిల్లు మీదే రాయండి, కొనేవాళ్ళు ఇస్తారు. ఇళ్ళు కట్టేవారు మలుపు దగ్గర మూడున్నర అడుగులు వదలండి. అంత చోటు లేకపోతే అక్కడి రైలింగ్‌ని వెల్డింగ్ చేయించకుండా బోల్టులతో బిగించండి, సామాను వచ్చిన రోజు ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా