అమ్మ చూసిన ఎర్ర డబ్బా

ఒరేయ్ పాప్‌కార్న్,

ఆలస్యమైందని ఎంత తిట్టినా పడతాను. నీ ఉత్తరం వచ్చేసరికి మామిడి పిందెలు రాలుతున్నాయి, ఇప్పుడు ఆవకాయ జాడీలో ఊరుతోంది. కబుర్లు గబగబా చెప్పేస్తాను: అందరం బాగున్నాం, నాన్న షుగర్ అదుపులోనే ఉంది, చంటిదాన్ని ఒకటో తరగతిలో వేశాం, పైవాటాలో దిగినవాళ్లు మోటార్ కట్టడం మర్చిపోతున్నారు. అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది ఇంకెవరికి చెప్పినా "అంతేనా" అంటారు.

అక్షయ తృతీయకి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర ఉన్నాం. టీవీలో నగల కొట్టు ప్రకటన, మజూరీ మీద తగ్గింపు అంటూ. అమ్మ పొద్దుట్నుంచీ పాడుతున్న పాటే మళ్లీ ఎత్తుకుంది, రేపు గ్రాము కాయినైనా తేవాలని. ధర చూశావా అన్నాను.

"ధరదేముందిరా, మనింటి ఆనవాయితీ. మా అమ్మ ఏటా కొనేది. నేను ఐదో తరగతిలో ఉండగా కొన్నది ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఎర్ర మఖమల్ డబ్బా, లోపల తామరపువ్వులో లక్ష్మీదేవి. గూట్లో పెట్టి నాచేత హారతి ఇప్పించింది."

గుమ్మం పక్క మంచం మీద కునుకుతున్న అమ్మమ్మ లేచి కూర్చుంది. (నిన్ను ఇప్పటికీ "ఆ చెప్పుల అబ్బాయి" అనే అంటుంది. నేనేం చెయ్యలేను.)

"ఏటే, బంగారమా? నేనెప్పుడు కొన్నానే?"

"కొన్నావమ్మా!"

"ఆ రోజు సింహాచలం అప్పన్న నిజరూపమే పిచ్చిదానా. ఏడాదంతా చందనం కింద ఉండే సామి ఆ ఒక్కరోజే కనపడతాడు. తెల్లారకుండా అడివివరం నుంచి నడిచి మెట్లెక్కీవోళ్లం. కిందకొచ్చాక ఎవరికైనా నీళ్ల కుండా, విసనకర్రా దానం ఇచ్చీవోళ్లం. మీ నాన్న జీతానికి బంగారమొకటి! గొలుసు తెగితే అతికించుకోడానికే కంసాలి చుట్టూ తిరిగీదాన్ని."

అమ్మ ఊరుకుంటుందా! "డబ్బా మూత వేస్తే టక్‌మని చప్పుడు కూడా అయింది" అంది. ఒరేయ్, చప్పుడుతో సహా చెప్పింది!

అప్పుడు నాన్న పేపరు వెనక నుంచి మెల్లగా, బ్యాంకు ఉద్యోగి బుద్ధి పోనిచ్చుకోకుండా, "డెబ్బైల్లో కాయినెక్కడిదే? గోల్డ్ కంట్రోల్ చట్టం ఉండేది. 1968లో తెచ్చారు, 1990లో ఎత్తేశారు. మామూలు జనం బిస్కెట్లూ కాయిన్లూ ఉంచుకోకూడదు, ఉన్నవి నగలు చేయించుకోవాలి" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపు నేను వర్ణించను. కుక్కర్ పేలిన రోజు నువ్వు చూశావుగా, అదే.

అమ్మమ్మ కాస్త జాలిపడి, "కొండమీద కొన్న కుంకుమ భరిణె అయ్యుంటుందిలే, అదీ ఎర్రగానే ఉండేది" అంది. అమ్మ ఒప్పుకోలేదు.

అమ్మ అబద్ధాలాడదు, నీకూ తెలుసు. అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు గుర్తొచ్చావు. హాస్టల్లో దొరికిన ప్రతివాడికీ చెప్పేవాడివే, 1957లో జేమ్స్ వికరీ అనే ఆయన సినిమా మధ్యలో కంటికి ఆననంత వేగంగా "పాప్‌కార్న్ తినండి, కోకాకోలా తాగండి" అని మెరిపిస్తే అమ్మకాలు ఎగబాకాయని? అది ఉత్త బూటకంరా. 1962లో ఆయనే ఒక పత్రికతో అదంతా గిమ్మిక్కేనని ఒప్పుకున్నాడు. నీ పేరు మాత్రం మార్చేది లేదు.

అసలు దొంగచాటుగా మెరిపించాల్సిన అవసరం ఎవరికుంది? పట్టపగలే, మనం పప్పు కలుపుకుంటుండగా, వందసార్లు వేస్తున్నారు. మనం చూడటం లేదనుకుంటాం. 2002లో కాథరిన్ బ్రాన్, ఎలిజబెత్ లాఫ్టస్ వాళ్లు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. డిస్నీల్యాండ్‌లో బగ్స్ బన్నీ కుందేలు ఉన్నట్టు ఒక దొంగ ప్రకటన తయారుచేసి కొందరికి చూపించారు. తర్వాత వాళ్లలో కొందరు, చిన్నప్పుడు అక్కడ ఆ కుందేలుకి షేక్‌హ్యాండ్ ఇచ్చాం అన్నారు. బగ్స్ బన్నీ వార్నర్ బ్రదర్స్ వాళ్లది! డిస్నీ గేటు లోపలికే రాదు.

డబ్బు పోతుందని కాదురా నా బాధ. అమ్మమ్మ చెప్పిన ఆ మెట్లూ, ఆ నీళ్ల కుండా అమ్మకి ఒక్కటీ గుర్తులేవు. అడిగాను. "వెళ్లామేమోలే" అంది. చెయ్యి పట్టుకుని ఎక్కిన కొండ "ఏమోలే", ఎవరో ప్రకటనలో చూపించిన డబ్బా "కళ్లకి కట్టినట్టు". నాకైతే ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలీదు. మన హాస్టల్ కబుర్లలో కూడా ఎన్ని నిజంగా... సరే, అది ఇంకోసారి.

పొద్దున్నే తీసుకెళ్లాను, తప్పదుగా. కొట్టు ఇంకా తెరవకముందే లైను సందు చివరిదాకా ఉంది. లోపల కౌంటర్లో అమ్మాయి కాయిన్ తూచి, ఎర్ర మఖమల్ డబ్బాలో పెట్టి మూత వేసింది. టక్!

అమ్మ నా భుజం మీద చరిచింది. "చూశావా? ఇదే డబ్బా! అమ్మ తెచ్చింది అచ్చం ఇదే!"

ఏం మాట్లాడమంటావు?

ఇంటికొచ్చాక అమ్మమ్మ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మూత బాగుందే, నా బీపీ మాత్రలకి ఇచ్చీ" అంది. అమ్మ ఇవ్వలేదు. గూట్లో పెట్టి చంటిదానిచేత హారతి ఇప్పించింది. అంటే అది పెద్దయ్యాక ఇదే కథ చెబితే అప్పుడు నిజమే అవుతుంది కదా, మరి ఆనవాయితీ అంటే...

నాన్న బండి తాళం కోసం అరుస్తున్నాడు, కరెంటు బిల్లుకి ఇవాళే ఆఖరి రోజట. రాధ పెళ్లికి వస్తావా రావా, వెంటనే చెప్పు, గది బుక్ చెయ్యాలి.

నీ
బాబ్జీ