తెల్లారకముందే గేట్లు తెరవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి కట్ట, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం), కేయూ (కాకతీయ యూనివర్సిటీ) రోడ్లు... వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పొద్దుగాల ఎటు చూసినా నడిచేవాళ్లే. అందులో తెల్లారినాక తీరుబడిగా వచ్చేవారు కొందరు. కాజీపేటలో సికింద్రాబాద్ బండి అందుకోవాల్సిన ఉద్యోగులు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు బడులకు పోయే టీచర్లు, దుకాణం తెరవాల్సినవారు, పిల్లలకు టిఫిన్ డబ్బా కట్టాల్సిన తల్లులు ఇంకొందరు. ఈ రెండో వరుస వారికి చిక్కేది 5 నుంచి 6 దాకా ఒక్క గంటే. ఆ గంటకు మన మైదానాలు, పార్కులు సిద్ధంగా ఉండవు. వాటిని సిద్ధం చేయమని అడగడానికే ఈ లేఖ.

ముందు వెలుగు సంగతి. జనవరిలో వరంగల్‌లో పొద్దు పొడిచేసరికి 6.45 అవుతుంది. అంతకు ఇరవై నిమిషాల ముందు దాకా కాలి కింద ఏముందో కనబడదు. మే చివర్లోనైతే 5.40కే సూర్యుడు వచ్చేస్తాడు. గంటకు పైగా తేడా ఇది. లైట్ల ప్యానెల్‌లో టైమర్‌ను ఒకసారి పెట్టి ఏడాదంతా వదిలేస్తే, చలికాలంలో సరిగ్గా జనం నడిచే వేళకే చీకటి కమ్ముతుంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు నమోదు చేస్తే ఏ రోజు పొద్దుపొడుపును బట్టి ఆ రోజు లైట్లను వాటంతటవే ఆర్పే టైమర్లు బజారులో ఉన్నాయి. అవి వచ్చేదాకా నవంబరు మొదట్లో ఒకసారి, మార్చిలో ఒకసారి చేత్తో మార్చినా సరిపోతుంది. ఆడవాళ్లు ధైర్యంగా రావాలంటే మొదట కావాల్సింది ఈ వెలుగే. ఆ వేళకు మరుగుదొడ్డి తాళం కూడా తీసి ఉండాలి.

నేల గురించి చెప్పాలి. కొత్తగా ఏ ట్రాక్ వేసినా సిమెంటు టైల్సే పరుస్తున్నారు. చూడ్డానికి బాగుంటాయి, ఊడ్చడం సులువు. కానీ చెరువు గాలికి మంచు పడి, చెట్ల నీడన పాకుడు పట్టి, తెల్లారగట్ల జారేది అవే. నలభై దాటినవారు జారితే మణికట్టు మీదో, తుంటి మీదో పడతారు. మెత్తగా జల్లించిన మొరం పరిచి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, ఒక పక్కకు కొంచెం వాలు ఇచ్చిన మట్టిదారి మోకాళ్లకు మేలు. వాన నీరు నిలవదు. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. మొరంలో రాళ్లు పెద్దవి ఉంటే మాత్రం చీలమండ మడత పడుతుంది, అందుకే జల్లెడ తప్పదు.

ఇక ఓపెన్ జిమ్‌లు. పరికరాలు పెట్టిన రోజు ఫొటోలు దిగుతారు, తర్వాత గ్రీజు డబ్బా పట్టుకుని వచ్చేవారుండరు. రెండు పలకల మీద నిలబడి కాళ్లు ముందుకు వెనక్కు ఊపే ఎయిర్ వాకర్‌కు ప్రాణం దాని బేరింగే. పైనున్న ప్లాస్టిక్ మూత ఊడితే వాన నీరు లోపలికి దిగుతుంది. తుప్పు పడుతుంది, బేరింగు అరిగి కాలు పెట్టే పలక పక్కకు ఊగుతుంది. అలా ఊగే పలక మీద నిలబడితే మోకాలి కీలు మెలిక పడుతుంది. నెలకోసారి బోల్టులు బిగించడం, మూతలు చూడడం, కిర్రుమనే బేరింగు మార్చడం, పాదం జారకుండా పలక మీద అరిగిన రబ్బరు మార్చడం, ఇంతే పని. చెడిపోయినదాన్ని తాడు కట్టి ఆపేయాలి. అది కూడా చేయకపోతే చీకట్లో తెలియని మనిషి ఎక్కుతాడు.

వాడేవారికీ రెండు మాటలు. ఎయిర్ వాకర్‌కు ఆపే బ్రేకు ఉండదు, కాళ్లు మరీ దూరం ఊపితే గజ్జల్లో కండరం పట్టేస్తుంది. కూర్చుని చేతులతో ముందుకు నెట్టే ఓపెన్ జిమ్ చెస్ట్ ప్రెస్‌లో బరువు బిళ్లలుండవు, మన ఒంటి బరువే మనల్ని ఎదిరిస్తుంది. బరువైన మనిషి మొదటి రోజే ఇరవై సార్లు నెట్టబోతే భుజం పట్టేస్తుంది. నడుము తిప్పే చక్రమైతే లేచిన వెంటనే అసలు ఎక్కొద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి. లేచిన తొలి అరగంట, గంటలో వంగినా, మెలి తిప్పినా వాటి మీద పడే ఒత్తిడి ఎక్కువ. గేటు లోపలికి రాగానే నిటారుగా నిలబడి వంగి కాలివేళ్లు ముట్టుకోవడం చాలామందికి అలవాటు. నడుం నొప్పితో బాధపడేవారు దాన్ని మానుకోవాలి. సూర్యనమస్కారాలైనా ముందు నడిచి, ఒళ్లు వేడెక్కాకే.

తెల్లవారుజామున ఒంటి వేడి రోజు మొత్తంలో తక్కువగా ఉంటుంది. కాబట్టి ఒక గ్లాసు నీళ్లు తాగి, మొదటి 5 నిమిషాలు భుజాలు తిప్పుతూ మెల్లగా నడవాలి. తర్వాత 25 నిమిషాలు జోరుగా. జోరంటే నిమిషానికి 100 అడుగులకు తగ్గకుండా; 15 సెకన్లు లెక్కపెడితే 25 రావాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, రెండు రోజులు కండరాలకు పని. కాబట్టి వారంలో రెండు రోజులు నడక తర్వాత గుంజీలు 10 చొప్పున రెండు విడతలు, సిమెంటు బెంచీ మీద చేతులు ఆనించి దండీలు 8 చొప్పున రెండు విడతలు. చివర 5 నిమిషాలు నిదానంగా నడిస్తే ఆరింటికల్లా ఇల్లు చేరొచ్చు. వారమంతా కూర్చుని ఆదివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు పరుగెత్తేవారికి మడమ నొప్పి, కాలి ఎముక ముందు వైపు నొప్పి వస్తాయి. రాత్రి పన్నెండు దాటాక పడుకున్నవారు మరునాడు మెల్లగా నడిస్తే చాలు.

షుగర్ ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్ర మీదే ఉన్నవారికి షుగర్ పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు బయలుదేరే ముందు షుగర్ చూసుకోవాలి. 90 కన్నా తక్కువుంటే చిన్న అరటిపండు తిని కదలాలి. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. వణుకు, చల్లని చెమట, కళ్లు తిరగడం మొదలైతే ఆగి వెంటనే నోట్లో వేసుకోవాలి. షుగర్ ఉన్నవారెవరైనా చెప్పుల్లేకుండా గడ్డి మీద నడవడం మంచిది కాదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే గుచ్చుకున్న ముల్లు కూడా తెలియదు.

ఆకులు, చెత్త ఊడ్చి అక్కడే నిప్పు పెట్టడం ఆపాలి. చలికాలం తెల్లవారుజామున చల్లని గాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పొగ పైకి లేవదు. గట్టిగా ఊపిరి పీల్చే వేళకే ఆ పొగంతా ట్రాక్ మీద పరుచుకుంటుంది. చెత్త కాల్చొద్దని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆకులకు ఒక మూల ఎరువు గుంత తవ్వితే పోయేదానికి అగ్గిపెట్టె ఎందుకు?

గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం లోపు. ఛాతీ బిగిసినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా నడక ఆపి 108కి ఫోన్ చేయాలి. కానీ 108 వచ్చినా లోపలికి ఎలా రావాలి? బండ్లు రాకుండా గొలుసు కట్టి, మనిషి పట్టేంత సందు మాత్రమే వదిలిన గేట్లు చాలా ఉన్నాయి. ఒక గేటైనా అంబులెన్సు పట్టేంత వెడల్పుగా తెరిచేలా ఉండాలి, దాని తాళంచెవి ఉదయం 5 నుంచి కాపలాదారు దగ్గరే ఉండాలి. ఆ కాపలాదారుకు గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ నేర్పించాలి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున. గేటు తెరిచే వేళ, కాపలాదారు ఫోన్ నంబరు, పరికరాలు చివరిసారి చూసిన తేదీ గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించాలని నగరపాలక అధికారులను కోరుతున్నాం.

— కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు, హనుమకొండ