ఘంటసాల ఉన్న పాత పటం

ఎడిసన్, న్యూజెర్సీ

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఫోన్లో అయితే సగంలోనే తెగిపోతుంది. అందుకే కాగితం తీశాను.

న్యూయార్క్‌లో 42వ వీధి దగ్గర పబ్లిక్ లైబ్రరీ పెద్ద భవనం ఉంది. 1911లో తెరిచారు. అందులో అరుదైన పుస్తకాలకు, రాతప్రతులకు వేరే గది ఉంది. ఏం చూడాలో, ఎందుకో ముందే రాసి పంపితే సమయం ఇస్తారు. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. సంచీ బయటే పెట్టించారు. పెన్ను కూడదు, పెన్సిలే. పుస్తకాన్ని బల్ల మీద పరవనివ్వరు. వీపు విరగకుండా రెండు వైపులా మెత్తటి దిమ్మెలు పెట్టి, సగం తెరిచి చూపిస్తారు. నేను ప్రొఫెసర్ని కాను, లాటిన్ చదువుకోలేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ మర్యాదకు ఎంత సంతోషించానో!

నేను అడిగింది టాలెమీ భూగోళ గ్రంథం. రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉంటూ ఆయన గ్రీకులో రాశాడు. పశ్చిమ ఐరోపాలో శతాబ్దాల తరబడి దాన్ని చదివినవాళ్లు దాదాపు లేరు. 1400 ప్రాంతంలో ఒక గ్రీకు ప్రతి ఫ్లోరెన్స్ చేరింది. జాకోపో ఆంజెలి అనే ఆయన కొన్నేళ్లలోనే దాన్ని లాటిన్‌లో పెట్టాడు. ఆ తర్వాత లేఖకులు తోలు కాగితం మీద ప్రతులు రాస్తూ పోయారు. అలాంటిది ఒకటి, 1460 ప్రాంతానిది, 27 పటాలతో ఈ లైబ్రరీలో ఉంది. దాన్ని తెర మీద మాత్రమే చూశాను. లాటిన్ అక్షరాల మీద చిన్న చిన్న గీతలుంటాయి. తోలు ఖరీదైనది కదా, చోటు మిగిలేలా మాటల్ని కుదించి, వదిలేసిన అక్షరాలకు గుర్తుగా గీత పెట్టేవాళ్లట. నా చేతికి ఇచ్చింది 1482లో జర్మనీలోని ఉల్మ్‌లో అచ్చయిన ప్రతి. పటాలన్నీ చెక్క దిమ్మెల మీద చెక్కి అచ్చువేసినవి.

ఇవి ఇక్కడికి రావడానికి ముఖ్య కారకుడు జేమ్స్ లెనాక్స్ అనే ఆయన. ఐరోపాలో అచ్చయిన తొలి పెద్ద పుస్తకం గుటెన్‌బర్గ్ బైబిల్ అమెరికాకు మొదటిసారి వచ్చింది 1847లో ఆయన కోసమే. టాలెమీ అచ్చు ప్రతులు కూడా వరసగా కొన్నాడు. ఆయన పెట్టిన లైబ్రరీ కూడా కలిసే 1895లో ఈ లైబ్రరీ ఏర్పడింది.

ఇక అసలు విషయం. ఆసియా పటాల్లో పదోది మన దేశానిది. తూర్పు తీరం వెంట వేలు ఆనించకుండా చూస్తూ పోతే మైసోలియా అనే ప్రాంతం, మైసోలస్ అనే నది కనిపించాయి. ఆ నది మన కృష్ణే అని చాలామంది పండితుల మాట. దాని పక్కన కొంటకోస్సిల అనే రేవు. అదే మన ఘంటసాల, నాన్నగారూ! మీరు సర్వే గొలుసు పట్టుకుని పొలాలు కొలుస్తూ తిరిగిన ఘంటసాల. నాగార్జునకొండలో బోధిసిరి అనే బౌద్ధ ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసేల అని ఉన్నది కూడా ఈ ఊరే. ఒకే ఊరి పేరు మన దగ్గర రాతి మీద, అక్కడ గ్రీకులో, తర్వాత లాటిన్‌లో. కళ్లు చెమర్చాయి.

టాలెమీ మన దేశం రాలేదు. ఓడల మీద తిరిగే వర్తకులు చెప్పినవి, తనకు ముందు మారినస్ అనే భూగోళ పండితుడు రాసినవి కలిపి లెక్క కట్టాడు. అంతకు ముందు శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు మసాలియా (ఈ మైసోలియానే) తీరంలో సన్నని నూలు బట్టలు విరివిగా నేస్తారని రాశాడు. అంటే మన నేతగాళ్ల బట్టలు కొనడానికి వచ్చినవాళ్ల నోట ఆ పేర్లు అలెగ్జాండ్రియా చేరి ఉంటాయని నా నమ్మకం.

మీకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. ఆ గ్రంథానికి ప్రాణం పటాల్లో లేదు, అంకెల్లో ఉంది. దాదాపు 8,000 చోట్లకు అక్షాంశం, రేఖాంశం రాసిపెట్టాడు. బొమ్మను చూసి బొమ్మ గీస్తే ప్రతిసారీ కాస్త వంకరపోతుందని ఆయనకు తెలుసు. అంకెలుంటే ఎవరైనా, ఎప్పుడైనా పటం మళ్లీ గీసుకోవచ్చు. పొలాల కొలతలుండే మీ ఎఫ్ఎంబీ పుస్తకంలో గీత మాసిపోయినా, గొలుసు గీత నుంచి పక్కకు తీసిన ఆఫ్‌సెట్ కొలతలు ఉంటే చేను హద్దు దొరికినట్టే. పదమూడో శతాబ్దం చివర కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ అంకెల నుంచే పటాలు మళ్లీ గీశారట.

అంకెలకూ గండం ఉంది. గ్రీకులో అంకెల్ని అక్షరాలతోనే రాస్తారు. ఒకటి, నాలుగు, ముప్పై చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. నకలు రాసేవాడు కాస్త ఏమరితే ఊరు డిగ్రీల కొద్దీ జరిగిపోతుంది. ఇవి కాక టాలెమీ సొంత లెక్కలోనూ పెద్ద తేడా ఉంది. ఆయన భూమిని అసలుకన్నా చిన్నదిగా లెక్కించాడు. మన ద్వీపకల్పం నొక్కేసినట్టు పొట్టిగా ఉంటుంది. సింహళం మాత్రం ఎక్కడలేనంత పెద్దది. ఆ తప్పులు చూసి నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. ఎవరో చెప్పిన ఓడ ప్రయాణపు రోజుల్ని దూరాలుగా మార్చి, ఆ దూరాల్ని డిగ్రీలు చేయడం మామూలు పని కాదు. ఆ కష్టం మీకన్నా ఎవరికి తెలుసు!

ఒక పని పెడుతున్నాను. తమ్ముణ్ణి, పిల్లల్ని తీసుకుని ఘంటసాల స్తూపం దగ్గరికి, అక్కడి మ్యూజియానికి వెళ్లిరండి. సముద్రం ఇప్పుడు ఊరికి దూరమైంది కదా, కృష్ణ పాత పాయలు ఎటు పోయేవో, పాత సర్వే పటాల్లో మీరు చూసిన ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో గుర్తుచేసుకుని రాయండి. ఆ పటం ఫొటో పెద్దగా ప్రింట్ తీయించి ఈ కవరులోనే పెడుతున్నాను. రేవు దగ్గర పెన్సిల్‌తో చుట్టాను. మీరు వచ్చే వేసవిలో ఇక్కడికి వచ్చేలోపే లైబ్రరీలో మీ పేరు నమోదు చేయిస్తాను. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్ రాసి పంపండి.

మీ
పెద్దమ్మాయి