వద్దన్న పిల్లవాడిని బలవంతపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

యువకులు తాగుడుకు బానిసలవుతున్నారని అందరం బాధపడుతున్నాం. సినిమాలను, సెల్‌ఫోన్‌ను, చెడు సావాసాలను తిడుతున్నాం. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే నాకు మాత్రం, తప్పు మొదట మన ఇళ్లలోనే జరుగుతోందనిపిస్తోంది.

మన దగ్గర మందు లేనిదే దావత్ కాదు. పుట్టువెంట్రుకలైనా, నిశ్చితార్థమైనా, చివరికి దినాలైనా అంతే. ఇంటర్ పాసైన పిల్లవాడి చేతికి మొదటి గ్లాసు ఇచ్చేది చాలాసార్లు బాబాయో మేనమామో. 'ఒక్క బీరుకు ఏమైతదిరా' అంటారు. వద్దంటే నలుగురిలో నవ్వుతారు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టం చెబుతోంది. అయినా ఊళ్లో బెల్టు షాపుకు వెళితే వయసు అడిగేవారు లేరు, పైగా అప్పు కూడా పెడతారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతున్నారు. పట్టణాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. చుట్టూ ఇంతమంది తాగుతుంటే, తాగడమే మామూలు సంగతని పిల్లలు అనుకోరా?

ఆ పల్లెల నుంచే గ్రూప్స్‌కనీ, కానిస్టేబుల్ పరీక్షలకనీ హనుమకొండకు వచ్చి నలుగురైదుగురు కలిసి రూముల్లో ఉంటారు. నోటిఫికేషన్ రాదు, వస్తే కోర్టు కేసులు. ఇంటి నుంచి డబ్బులు అడగాలంటే సిగ్గు. ఆ టెన్షన్‌లో ఎవరో సిట్టింగ్ వేద్దామంటారు. రానన్నవాడు మెల్లగా ఒంటరివాడవుతాడు. నోట్సూ, పరీక్షల కబుర్లూ, కష్టం చెప్పుకోవడమూ అన్నీ ఆ సిట్టింగుల్లోనే నడుస్తాయి కాబట్టి, స్నేహం పోగొట్టుకోలేక కూర్చునేవాళ్లే ఎక్కువ. వారానికోసారి అనుకున్నది రోజూ అవుతుంది. ఇలాంటి పిల్లలను నేను చూస్తున్నాను, వాళ్లు చెడ్డవాళ్లు కారు.

ఎన్నికలు వస్తే చెప్పనక్కర్లేదు. పగలంతా జెండాలు పట్టించి, రాత్రి సీసాలు పంచేది మన నాయకులే.

బెల్టు షాపులు వద్దని తీర్మానించుకున్న గ్రామాలు తెలంగాణలో ఉన్నాయి. శుభకార్యాల్లో 21 ఏళ్లలోపు వారికి మందు పోయకూడదని కూడా గ్రామ పంచాయతీలు, కుల సంఘాలు, మహిళా సంఘాలు తీర్మానించాలి. ఎక్సైజ్ అధికారులు దుకాణాల్లో వయసు తనిఖీ చేయాలి. మత్తు మాన్పించే జాతీయ ఉచిత సహాయ నంబరు 14446ను ప్రతి కాలేజీలో, హాస్టల్‌లో, కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు కనబడేలా రాయించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

— ఒక అధ్యాపకురాలు, హనుమకొండ