ఎనిమిదో స్థానంలో వచ్చిన బాబూరిన్ గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన పేపర్లో రష్యా వార్త ఏది వచ్చినా పుతిన్ ఏమన్నాడు, పుతిన్ ఏం చేశాడు, అంతే ఉంటోంది. అంత పెద్ద దేశం ఒక్క మనిషి ఇష్టం మీదే నడిచిపోతోందని చదివేవాళ్లు నమ్మేస్తున్నారు, అది సరి కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

సెర్గేయ్ బాబూరిన్ అని ఒక నేషనలిస్ట్ లీడర్ ఉన్నాడు. 2018 ప్రెసిడెంట్ ఎన్నికల్లో ఎనిమిది మంది పోటీ చేస్తే ఈయనది ఎనిమిదో స్థానం, వచ్చిన ఓట్లు 0.65 శాతం. ఇలాంటాయన గురించి పేపర్లో చోటు దండగ అనుకుంటారేమో, నేను మాత్రం ఆయన కథ తప్పకుండా చెప్పాల్సిందే అంటాను.

ఈయన ఓమ్‌స్క్ యూనివర్సిటీలో లా డీన్‌గా ఉండి, 1990లో రష్యా పార్లమెంట్‌కి ఎన్నికయ్యాడు. 1991 డిసెంబర్ 12న సోవియట్ యూనియన్‌కి ముగింపు పలికే బెలోవెజ్ ఒప్పందం అక్కడ ఓటింగ్‌కి వచ్చింది. అనుకూలం 188, వ్యతిరేకం 6, తటస్థం 7. కమ్యూనిస్టులు కూడా చాలామంది అనుకూలంగానే వేసేశారు, అప్పటికి 32 ఏళ్ల బాబూరిన్ మాత్రం లేచి వద్దని మాట్లాడాడు. అదే ఏడాది మార్చిలో రిఫరెండం పెడితే ఓటేసిన వాళ్లలో 76 శాతం దాకా యూనియన్ ఉండాలన్నారు, ఆ జనాన్ని మళ్లీ ఒక్క మాట అడక్కుండా కొన్ని రోజుల్లో తేల్చేశారు, ఆ బాధలో న్యాయం ఉందనే నేనూ అంటాను. కానీ దానికి మందు పక్క దేశం సరిహద్దు మార్చడమే అని బాబూరిన్ లాంటి వాళ్లు అన్న దగ్గరే దారి తప్పింది.

1993లో అప్పటి ప్రెసిడెంట్ యెల్ట్సిన్ ట్యాంకులతో పార్లమెంట్‌ని కొట్టించినప్పుడు ఈయన ఆ బిల్డింగ్‌ కాపాడుతున్న వాళ్లలో ఒకడు. తర్వాత డూమాలోకి, అంటే రష్యా పార్లమెంట్ దిగువ సభలోకి వెళ్లి వైస్ స్పీకర్ కూడా అయ్యాడు, 1996 మార్చిలో అదే బెలోవెజ్ ఒప్పందం చెల్లదని డూమా తీర్మానం చేస్తే ముందుండి నడిపిన వాళ్లలో ఈయన ఉన్నాడు. 1991లో ఆరుగురు అన్న మాట ఐదేళ్లలో సభ మెజారిటీ మాట అయిపోయింది, నేను గమనించమనేది ఇదే. 2003లో రోదినా అనే నేషనలిస్ట్ పార్టీల కూటమితో మళ్లీ గెలిచాడు, లోపల గొడవలొచ్చి అదీ చీలింది, 2007 తర్వాత డూమాలో సీటే లేదు. మాస్కోలో ఒక ట్రేడ్ యూనివర్సిటీకి రెక్టార్‌గా ఉంటే 2012లో దాన్ని వేరేదాంట్లో కలిపేస్తామన్నారు, స్టూడెంట్స్ సమ్మె చేశారు, ఆ పదవీ పోయింది.

మనిషి ఇలా దిగిపోతుంటే ఆయన మాట మాత్రం పైకెక్కింది. ఉక్రెయిన్‌లోని క్రిమియా మాది అని 90లలో ఈయన లాంటి వాళ్లు అంటే యెల్ట్సిన్ ప్రభుత్వం పక్కన పెట్టింది, 2014లో పుతిన్ ప్రభుత్వమే క్రిమియాని కలిపేసుకుంది. చిన్న కొట్టులో సరుకు పెద్ద షాపులోకి వచ్చేశాక చిన్న కొట్టుకి ఎవరెళ్తారు, 0.65 శాతానికి నాకు కనిపించే కారణం అదే. 2024 ఎన్నికలకి నామినేషన్ దాకా వెళ్లి పుతిన్‌కే సపోర్ట్ అని తప్పుకున్నాడు కూడా. ఉక్రెయిన్ యుద్ధం బాబూరిన్ వల్ల వచ్చిందని నేను అనట్లేదు, ఓడిపోయిన వాళ్లతో పాటు వాళ్ల మాటా ఓడిపోయిందని లెక్కేసుకుంటే మోసపోతామంటున్నాను.

ఇది మనకెందుకు అనేవాళ్లకి ఒకటి చెప్తా. రష్యాలో హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడు 2024లో ఆ యుద్ధంలో చనిపోయిన వార్త మనమంతా చదివాం. అసలు ఆ యుద్ధం వెనక ముప్పై ఏళ్లుగా నడిచిన రాజకీయం ఏంటో ఒక్క పూర్తి పేజీ కథనం నాకైతే కనపడలేదు. ఆదివారం అనుబంధంలో చోటిచ్చి బాబూరిన్‌తో మొదలుపెట్టండి, తర్వాత రోదినాలో ఉండి రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మాస్ హెడ్ దాకా వెళ్లిన రోగోజిన్, 2014లో తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా అనుకూల వేర్పాటువాదుల్ని నడిపించి, 2024 జనవరిలో రష్యాలోనే నాలుగేళ్ల జైలు శిక్ష పడిన గిర్కిన్, వీళ్ల గురించీ రాయించండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం