ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి ఒక చరిత్ర అధ్యాపకురాలి బహిరంగ లేఖ

అయ్యా,

2022 నవంబరులో, ఏది అడిగినా రాసిపెట్టే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు మా డిగ్రీ పిల్లల అసైన్‌మెంట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయి. పిల్లల్ని తిట్టి లాభం లేదు, ఇంట్లో రాసి తెచ్చిన కాగితానికి మార్కులు వేస్తున్నది మనమే.

క్లాసులోనే చేయించే పని వేరు. కడప జిల్లా కలమళ్ళ శాసనం తెలుసు కదా, రేనాటి చోళుల నాటిది, తొలి తెలుగు శాసనంగా పేరున్నది. దాని అచ్చుప్రతిని బల్ల మీద పరిచి, శిథిలమైన చోట ఏ అక్షరం ఉండొచ్చో చెప్పమంటే క్లాసంతా వాదనకు దిగుతుంది. ఒకరు కాదంటే ఇంకొకరు ఆధారం చూపించాలి. చరిత్ర చదవడమంటే అదేనండీ.

దయచేసి ఇంటర్నల్ మార్కుల్లో సగమైనా వైవాకు (నోటితో అడిగే పరీక్షకు), ఇలాంటి క్లాసు పనికి కేటాయించండి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు కూడా నింపండి. ప్రతి విద్యార్థితో కూర్చుని మాట్లాడాలంటే మనుషులు కావాలి.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు